కథానాయకుడి దండుగ

హనుమకొండలో ఆ రోజుల్లో పుస్తకాలు చదివేవాళ్లకు కొదవ లేదు, వాళ్లు కూర్చోడానికే చోటు లేదు. డెబ్బైల చివర్లో, నేను బడిలో తెలుగు పంతులుగా కొత్తగా చేరిన కాలంలో, నలుగురైదుగురం కలిసి నెలకో పుస్తకం చదివి మాట్లాడుకోవాలని అనుకున్నాం. మొదట ఒక మిత్రుడి అద్దె ఇంటి వరండాలో కూర్చునేవాళ్లం. శిల్పం గురించి మేం గొంతులు పెంచుతుంటే పక్కవాటా పసిపిల్ల నిద్ర లేస్తోందని ఇంటామె మమ్మల్ని వెళ్లమంది. తర్వాత చౌరస్తాలోని చాయ్ హోటల్‌కు మారాం. తలా ఒక చాయ్ తాగి పూటంతా బల్ల ఆక్రమించుకుంటే ఏ యజమాని ఊరుకుంటాడు? మమ్మల్ని పొమ్మనలేక ఆయన తడిగుడ్డతో మా బల్ల తుడవడం మొదలుపెట్టాడు. పుస్తకం ఎత్తేదాకా ఆ గుడ్డ ఆగేది కాదు.

అప్పుడు మాలో ఒకడు, కరెంటాఫీసు గుమాస్తా, "మా బాపు మండువకు పోదాం పాండ్రి" అన్నాడు. వాళ్లది కల్లు గీసే ఇల్లు. ధర్మసాగర్ పోయే తొవ్వలో, తాటిచెట్ల నడుమ, చెట్టు నుంచి దింపిన కల్లు అక్కడికక్కడే పోసే జాగా ఒకటి ఉంది. దాన్నే మండువ అంటారు. నీడ ఉంది, గాలి ఉంది, లెమ్మనేవాడు లేడు. వాళ్ల బాపు పెట్టిన షరతు ఒక్కటే.

"తాగితె తాగుండ్రి, లేకుంటె లేదు. కని తాగెటోళ్ల నడుమ మూతులు ముడుసుకోని కూసోవద్దు."

చాయ్ హోటల్‌కు రమ్మంటే తలనొప్పులూ చుట్టాలూ అడ్డం వచ్చిన మావాళ్లందరూ మండువ అనేసరికి ఆదివారం పొద్దున్నే సైకిళ్లు వేసుకుని దిగారు. పుస్తకం చదివి వచ్చినవాడు మాత్రం ఒక్కడే. ఆ ఒక్కణ్ణి నేనే.

తాటాకు రేకలో కల్లు తాగడానికి రెండు చేతులూ కావాలి. ఆకును దోనెలా మడిచి, రెండు కొసలూ పట్టుకుని మూతి దగ్గర పెట్టుకుంటే, ఎదురుగా నిలబడ్డామె కల్లుకుండ, అదే లొట్టి, వంచి పోస్తుంది. అలాంటప్పుడు పుస్తకం పట్టుకోవడం కుదరదు, మాట్లాడటం అసలే కుదరదు. నాకు కల్లు అలవాటు లేదు. మాది బజారులో దుకాణం నడుపుకునే కుటుంబం, కల్లు పేరెత్తితేనే మా అమ్మ చెవులు మూసుకునేది. కాబట్టి ఆ మండువలో చేతులు ఖాళీగా ఉన్నది నాకొక్కడికే. పుస్తకం నా చేతికొచ్చింది. "నువ్వు సదువు, మేం ఇంటం" అన్నారు పట్టభద్రులైన నా మిత్రులు. పుస్తకాలు చదివి చర్చించుకోవాలనుకున్న మా కూటమి నేను చదువుతుంటే వాళ్లు తాగే కూటమిగా మారిపోయింది. వద్దని ఎంత మొత్తుకున్నా వినే చెవి లేదు.

నేను పైకి చదవడం మొదలుపెట్టాక పక్కన కల్లుకొచ్చిన రైతులు జరిగి దగ్గరకు వచ్చారు. ఆదివారం కలుపుపని లేని కూలి ఆడవాళ్లు కొంగులు సర్దుకుని కూర్చున్నారు. వాళ్లందరికీ ముందు, నులక మంచం మీద, ఒక పెద్దమనిషి ఉండేవాడు. చుట్టుపక్కల ఏ తగాదా వచ్చినా తీర్పు చెప్పేది ఆయనే, చెప్పే చోటు కూడా ఆ మండువే. తప్పు తేలినవాడు దండుగ కట్టాలి. ఆ దండుగ కల్లు రూపంలోనే కట్టాలి. ఆ లొట్టి అక్కడున్నవాళ్లందరూ తాగాలి, తాగితే తీర్పుకు ఒప్పుకున్నట్టు. ఒకసారి గొంతు దిగాక మాట తిరగడానికి లేదు. ఇదంతా నాకు మొదట తెలియదు. తెలిసుంటే చాయ్ హోటల్ తడిగుడ్డే నయమని అక్కడే ఉండేవాణ్ణి.

మొదటి దెబ్బ ఒక అన్నదమ్ముల నవల దగ్గర తగిలింది. అందులో అన్న తమ్ముడి భూమిని మాయమాటలు చెప్పి రాయించుకుంటాడు. అధ్యాయం పూర్తి చేసి, సంభాషణల్లో రచయిత చూపిన పొదుపు గురించి రెండు ముక్కలు చెబుదామని గొంతు సవరించుకున్నాను.

"పంతులూ, జర ఆగు" అన్నాడు పెద్దమనిషి. "ఆ అన్నగాడు తప్పు జేసిండా, లేదా?"

"చేసిండు పటేలా. కని ఇక్కడ చూడాల్సింది ఏందంటే..."

"చేసిండు గద. అయితె దండుగ."

"ఎవలికి?"

"ఆ అన్నకు."

"ఆయన పుస్తకంల మనిషి! ఆయన లేనే లేడు!"

"లేనోని గురించి గింతసేపు ఎందుకు సదివినవ్ మరి? నలుగుట్ల నిలబెట్టింది నువ్వు. ఆయన రాకపోతె జామీను నువ్వే. కట్టు దండుగ."

సాయానికి నా మిత్రుల వైపు చూశాను. వాళ్లప్పటికే రేకలు మడిచి పట్టుకుని ఉన్నారు. అందరికంటే ముందు మడిచింది కరెంటాఫీసువాడు, మండువ వాళ్లదే అయినా సరే.

ఇక అక్కణ్ణుంచి నెలనెలా అదే తంతు. ఏ నవలలో ఎవడు ఏ తప్పు చేసినా దండుగ నా నెత్తిన పడేది. తల్లిని పట్టించుకోని కొడుకుకు నేనే కట్టాను. స్నేహితుణ్ణి పోలీసులకు పట్టించినవాడికీ నేనే కట్టాను. ఒక చారిత్రక నవలలో యుద్ధం మొదలుపెట్టిన రాజుకు మూడు లొట్ల దండుగ వేశారు, రాజు కదా అని. విసిగిపోయి ఒకసారి వ్యాసాలు పట్టుకెళ్లాను. రెండు పేజీలు విని పెద్దమనిషి ఆవులించాడు.

"గిండ్ల మనుషులే లేరేంది పంతులూ?"

"లేరు. ఇది ఆలోచన."

"ఆలోచన ఇంటికాడ జేసుకోని రా. గీడికి మనుషులను తీస్కరా."

ఇంటి దగ్గర మా ఆవిడ సంగతి వేరే. చొక్కాకు అంటిన పులుపు వాసన చూసి, "మీ సాహిత్యం మస్తు వాసనొస్తాంది" అనేది. నేను తాగనని ప్రమాణం చేస్తే నమ్మేది గానీ, తాగని మనిషి లొట్లకు లొట్లు ఎందుకు కొంటున్నాడో ఎంత చెప్పినా ఆమెకు ఎక్కేది కాదు. "అంతా దండగ" అనేది. ఆమె అంటున్నది వృథా అని. నేను కడుతున్నది జరిమానా. ఒకే మాట ఇద్దరం వాడుతూ తగువులాడుకున్న ఆదివారాలు చాలా ఉన్నాయి.

ఇన్ని పాట్లు పడుతూ అక్కడికెందుకు వెళ్లేవాడివని అడిగితే జవాబుంది. వాళ్లు వినేవాళ్లు. నా మిత్రులు కాదు, మిగతావాళ్లు. బడిలో నేను పద్యం చెబుతుంటే కిటికీలోంచి బయటికి చూసే ముఖాలకు అలవాటుపడ్డవాణ్ణి. ఇక్కడ ఒక వాక్యం మింగేస్తే "మళ్ల సదువు" అనేవాళ్లు. కోపం ఎంత వచ్చినా ఆ మాట కోసం నెల తిరిగేసరికి మళ్లీ సైకిలెక్కేవాణ్ణి.

అందరికంటే శ్రద్ధగా వినేది కల్లు పోసే అమ్మాయి. మండువ ఆయనకు చెల్లెలి బిడ్డ. పాలకుర్తి దిక్కు ఒక ఊరికి ఇచ్చి పెళ్లి చేస్తే, అక్కడ మొగుడు ఎవరో అన్న మాట నమ్మి, వాన కురుస్తున్న రోజు తలుపు గడియ పెట్టి ఈమెను బయట నిలబెట్టాడట. తల్లిదండ్రులు లేరు. నడుచుకుంటూ మేనమామ ఇంటికి వచ్చేసింది. వచ్చాక ఏడాది దాకా అటునుంచి కబురు లేదు. ఆ తర్వాత కోతలకు చేతులు కావలసి వచ్చాయి కాబోలు, పంపించమని మొగుడి తరఫువాళ్లు కబుర్ల మీద కబుర్లు పెట్టారు. ఆమె పోనంది. తెగదెంపులు చేయమంది. ఆ తగాదా పెద్దమనిషి ముందుకు వచ్చింది. ఆయనేమో ప్రతిసారీ లొట్టి ఖాళీ చేసి, "ఆడిది మొగని ఇంట్లనే ఉండాలె బిడ్డా, అయినా ఎల్లే నెల సూద్దాం" అని మంచం దిగేవాడు. ఆమె బతుకు అలా నెలనెలా వాయిదా పడుతూ ఉంది. పుస్తకాల్లోవాళ్లకు మాత్రం ఆయన దగ్గర వాయిదాల్లేవు, ఏ రోజు తీర్పు ఆ రోజే.

ఎనభైలు వచ్చాక, ఒక వేసవికి ముందు, మావాళ్లలో ఒకడు ఒక సాంఘిక నవల ఎంచాడు. ఒక వకీలు ఉంటాడు. అపవాదు నమ్మి భార్యను వెళ్లగొడతాడు. ఆమె ఊళ్లో బడి పెట్టుకుని బతుకుతుంది. కొన్నేళ్లకు వకీలు మనసు మారి ఆమెను రమ్మంటాడు. ఆమె ఏం చేస్తుందన్నదే కథ. నాకు ఆ నవల వచనం అంటే ఇష్టం, దాని మీద ఒక ప్రసంగం కూడా సిద్ధం చేసుకున్నాను. ఆ ప్రసంగం ఇప్పటికీ నా కడుపులోనే ఉంది.

వకీలు రమ్మన్న చోట ఆపాను. పెద్దమనిషి మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఎల్లగొట్టినోనికి పిలిచే హక్కు లేదు" అన్నాడు. "ఆమెకు ఇష్టముంటె పోతది, లేకుంటె లేదు. మొగోడు నోరు మూసుకోవాలె. వానికి దండుగ. పెద్ద లొట్టి."

నేను నిట్టూర్చి జేబు తడుముకుంటుండగా ఎవరో "ఏయ్, ఏయ్" అన్నారు. ఆ అమ్మాయి పోస్తున్న కల్లు రేక నిండి ఒకాయన పంచె మీద కారుతోంది. ఆమె చూసుకోలేదు. లొట్టి నిలబెట్టి పెద్దమనిషితో అంది:

"పటేలా, గీ తీర్పు పుస్తకానికేనా?"

ఆయనకు దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గి, "ఎల్లే నెల నీ మొగని తరఫోళ్లను రమ్మన్న గద, అప్పుడు సూద్దాం" అన్నాడు.

నేను సైకిల్ తీసుకుంటుంటే ఆమె వెనక వచ్చింది. "సారూ, పుస్తకం ఇంక కొంచమే ఉన్నట్టున్నది. ఎల్లే నెల ఒడుస్తదా?"

"ఒడుస్తది."

"ఆమె పోదు గద?"

నాకు ఆ నవల ముగింపు తెలుసు. ఆమె పోతుంది. జబ్బుపడ్డ మొగుడి పాదాల దగ్గర కూర్చుని, నా చోటు ఇదేనని కన్నీళ్లు పెట్టుకుంటుంది. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు, అంత బాగా రాశాడు ఆ మహానుభావుడు. "చదివినప్పుడు తెలుస్తది" అని సైకిలెక్కాను.

ఆ నెల నాకు మనశ్శాంతి లేదు. కరెంటాఫీసువాడు బడికి వచ్చి, "ఆ ఆఖరు పేజీలు చింపెయ్‌రా బై, మా మేనత్త బిడ్డ బతుకు అది" అన్నాడు. ఇంకొకడు, పోయేది లేదని నోటితో మార్చి చదవమన్నాడు. నాకు ఒళ్లు మండింది. రచయిత రాసింది చదవాలి గానీ మనకు కావలసింది చదవడమేంటని ఎన్నేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను! అక్షరం మార్చితే చెయ్యి మీద బెత్తం వేసేవాణ్ణి. పైగా అక్కడ నా చేతిలో పుస్తకం చూసి నమ్ముతున్నారు, నన్ను చూసి కాదు. అబద్ధం చదివితే ఇక ఆ చేతులతో ఏం పట్టుకోను? నిజం చదివితే ఆ పిల్ల ఎటు పోతుంది? ఇష్టంగా చదువుకున్న నవల మీద అంత ద్వేషం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

మా ఆవిడతో చెప్పుకున్నాను. బియ్యం ఏరుతూ విని, "ఆ నవల వారపత్రికల వచ్చినప్పుడే చదివిన. ఆఖరు నాకు నచ్చలే" అంది.

"నీకు నచ్చకపోతే మారుతదా?"

"నచ్చలేదని ఎవలన్న ఎప్పుడన్న చెప్పిండ్లా ఆయనకు?" అని ఆమె చేట పట్టుకుని లోపలికి పోయింది.

ఆ ఆదివారం మొగుడి తరఫువాళ్లు మాకంటే ముందే వచ్చి ఉన్నారు. మొగుడు, వాడి మేనమామ. ఇద్దరూ చెమటలు కక్కుతున్నారు. మేనమామ నోరున్న మనిషి, అప్పటికే పెద్దమనిషి మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు. మొగుడు నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. ముందు పంచాయతీ తేల్చుదామన్నాడు మేనమామ.

"ముందు పుస్తకం" అంది ఆ అమ్మాయి. "ఆఖరు ఉన్నది."

జనమంతా అవునన్నారు. నెలరోజులుగా వకీలు భార్య ఏం చేస్తుందా అని వాదులాడుకున్నవాళ్లు వాళ్లు. నేను అద్దాలు మరిచిపోయానన్నాను. నా అద్దాలు నా చొక్కా జేబులోనే కనిపిస్తున్నాయని ఒక ముసలమ్మ చెప్పింది. ఇక తప్పలేదు.

చదివాను. ఉన్నదున్నట్టు చదివాను. పాదాల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినపడలేదు. ఎవరూ "మళ్ల సదువు" అనలేదు.

"గదీ మాట!" అని మేనమామ తొడ చరిచాడు. "సదువుకున్నోళ్లు రాసిన పుస్తకంలనే ఉన్నది. ఆడిది యాడికి పోవాలెనో గాడికే పోయింది. ఇంక పంచాయితేంది?"

నేను తల ఎత్తలేదు. ఆ అమ్మాయి ముఖం చూసే ధైర్యం నాకు లేదు. ఆమె గొంతు మాత్రం వినిపించింది.

"పటేలా, పోయిన నెల నువ్వేమన్నవ్? ఆమెకు ఇష్టముంటె పోతది అన్నవ్. ఆమెకు ఇష్టమున్నట్టు నీకు ఇనొచ్చిందా?"

"లేదు" అన్నాడు పెద్దమనిషి, మెల్లగా.

"బడి పెట్టుకున్నది. పిల్లలకు సదువు జెప్తాంది. దినాం నవ్వుకుంటనే ఉన్నది. ఒక్కపారే ఎందుకు పోయింది? ఆమె పోలే. రాసినోడు పంపిండు." ఆమె నా వైపు తిరిగింది. "సారూ, రాసినోడు మొగోడేనా?"

"మొగోడే" అన్నాను.

"అయితె తప్పు రాసినోనిది. దండుగ వెయ్యి పటేలా."

మండువ అంతా గొల్లుమంది. రాజుకు దండుగ వేసినప్పుడు కూడా అంత సంబరం చూడలేదు. ముసలమ్మ అయితే, "వెయ్యి, వెయ్యి, ఆయనకు లేదా అక్కాచెల్లె" అని అరిచింది. పెద్దమనిషి అటు చూశాడు, ఇటు చూశాడు. ముందు నెల తను చెప్పిన మాట అక్కడున్న ప్రతివాడికీ గుర్తుంది. మంచం పక్కన చల్లటి లొట్లు వరసగా ఉన్నాయి.

"రాసినోడు తప్పు రాసిండు" అన్నాడు. "ఎల్లగొట్టినోనికి పిలిచే హక్కు లేదు, ఆమె పోయేది లేదు. గిదే తీర్పు. రాసినోనికి దండుగ. పంతులూ, జామీను నువ్వే."

ఎప్పుడూ ఆ మాటకు నేను ఎగిరిపడేవాణ్ణి. ఈసారి, "కడతా" అన్నాను.

ఆమె లొట్టి ఎత్తుకుంది. ముందు పెద్దమనిషికి పోసింది. ఆ తర్వాత వరసగా అందరికీ పోస్తూ వెళ్లి, మొగుడి మేనమామ ముందు నిలబడింది. ఆయన ఇదంతా పంతుళ్ల ఆట అనుకుంటున్నాడు. దాహం మీద ఉన్నాడు. నవ్వుతూ రేక మడిచి తాగాడు. మొగుడూ తాగాడు, తల ఎత్తకుండానే.

"తాగినవ్ గద మామా?" అంది ఆమె. "దండుగ కల్లు. తీర్పు ఒప్పుకున్నట్టే. పుస్తకంల ఆమెకొక నాయం, నాకొక నాయమా?"

మేనమామ మూతి తుడుచుకుంటూ లేచాడు. "గదేంది! గది ఉత్త కత గద!"

పెద్దమనిషికి అక్కడ తగిలింది. "కతనా?" అని మంచం మీది నుంచి దిగాడు. "ఇన్నేండ్ల సంది నేను గీడ కూసోని చెప్పిన తీర్పులన్ని ఉత్త కతలా? రాజుకు దండుగేస్తి, ఎవడన్న ఉత్తదన్నడా? పంతులు కట్టింది ఉత్త కల్లా? తాగినంక మాట తిరుగది. పోండ్రి."

"నేను తోల్కపోతా అనలే" అన్నాడు మొగుడు, మొదటిసారి నోరు తెరిచి. "మా అమ్మ అన్నది." అని పుల్ల పడేశాడు. ఆ మాట విని నాకు వాణ్ణి కొట్టాలనిపించింది. వాళ్ల సైకిళ్లు తాటిచెట్లు దాటి వెళ్లిపోయాయి.

అప్పుడు ఆమె లొట్టితో నా దగ్గరికి వచ్చింది. అడుగున కాస్త కల్లు మిగిలి ఉంది.

"అందరు తాగిండ్లు సారూ. నువ్వొక్కనివే మిగిలినవ్. నువ్వు ఒప్పుకున్నట్టా, కానట్టా?"

ఇన్నేళ్లలో నా చేత ఒక్క గుక్క తాగించలేకపోయిన నా మిత్రులు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మా అమ్మ గుర్తొచ్చింది. రేకకు రెండు చేతులూ కావాలి. ఆ నవలను నేల మీద పెట్టాను.

ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. ఈసారి చొక్కా వాసన చూడలేదు, నా ముఖం దగ్గరే వచ్చింది వాసన. కాళ్లకు నీళ్లిచ్చి అడిగింది.

"ఏమైంది ఆమెకు?"

ఎవరి గురించో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

"పోలే" అన్నాను.